కుండను నమ్ముకున్న ఇల్లు

మా అమ్మమ్మ కుండ కొనడానికి బయల్దేరితే కుమ్మరి వీధిలో సగం పూట గడిచిపోయేది. ఒక్కో కుండనూ ఎత్తి, ఎండకేసి తిప్పి చూసి, వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేది. ఖంగుమంటే పక్కన పెట్టేది. బొద్దుమంటే 'దీని గొంతు బాగాలేదయ్యా' అని వెనక్కిచ్చేసేది. కుమ్మరి తాత ఏమీ నొచ్చుకునేవాడు కాదు. 'ఇక్కడే తట్టి చూస్కో తల్లీ, ఇంటికెళ్లాక నన్ను తిట్టుకోకు' అనేవాడు. ఇంత చిన్న కుండకు ఇంత పరీక్షా అని పిల్లలం నవ్వుకునేవాళ్లం.

మరి వెయ్యి లీటర్లు పట్టే కుండైతే? ఏడాదంతా చెమటోడ్చి పండించిన పంట మొత్తం అందులో పోసి, ఆర్నెల్లు మూత తియ్యకుండా ఉంచాల్సొస్తే? దాన్ని ఎంతసేపు తట్టి చూడాలి?

ఈ ప్రశ్న ఊరికే రాలేదు లెండి. అమెరికాలో ఆరెగన్ అనే రాష్ట్రంలో ఒక ఇంటి కథ తెలుసుకుంటుంటే వచ్చింది. ఆ ఇంటివాళ్లకు ద్రాక్షతోట ఉంది. ఆ ద్రాక్షతో వైన్ చేస్తారు. ఆ వైన్ పులియడానికి కావాల్సిన పెద్ద పెద్ద కుండలు కూడా వాళ్లే చేసుకుంటారు. వ్యవసాయం, వైన్, కుమ్మరి పని - మూడూ ఒకే కుటుంబానివి. ఇలాంటి ఇల్లు చాలా అరుదు. ఎందుకంత అరుదో తెలియాలంటే ఆరెగన్ నుంచి ఇటలీకి, స్పెయిన్‌కు, చివరికి నల్లసముద్రం ఒడ్డుకూ వెళ్లి రావాలి. ఇది ఇంటిల్లిపాదీ చదివే పేజీ అని నాకు తెలుసు. సీసా జోలికి ఎక్కువ పోను. నా గోలంతా కుండ గురించే.

ఆయన పేరు ఆండ్రూ బెక్హామ్. ఫుట్‌బాల్ బెక్హామ్ కాదండోయ్. ఆయన ఆట కాళ్లతో, ఈయన పని చేతులతో. పోర్ట్‌లాండ్ నగరం శివార్లలోని బీవర్టన్‌లో హైస్కూలు పిల్లలకు చాలా ఏళ్లు మట్టిపని నేర్పిన మాస్టారు. బీవర్టన్, హిల్స్‌బరో అంటే మన పాఠకుల్లో చాలామందికి తెలిసిన ఊళ్లే. ఇంటెల్ ఉద్యోగాల పుణ్యమా అని తెలుగువాళ్లు అక్కడ బోలెడుమంది. ఆ దేశపు బళ్లలో మట్టిపని కూడా ఒక సబ్జెక్టే. దానికో మాస్టారు, దానికో సారె, కుండలు కాల్చడానికో ఆవం. మన పిల్లలు చేతికి మట్టి అంటితే కడుక్కుని రమ్మంటాం, అక్కడ మార్కులేస్తారు.

ఆయనా, భార్య అన్నీడ్రియా కలిసి 2004లో పోర్ట్‌లాండ్‌కు నైరుతిన, పారెట్ మౌంటెన్ అనే కొండ మీద కొంత నేల కొన్నారు. పెద్ద పథకాలేమీ లేవు. ఇల్లు కట్టుకోవాలి, పక్కన ఆయన మట్టిపనికి ఒక షెడ్డు ఉండాలి, అంతే. అయితే ఆ కొండ ఉన్నది విలామెట్ లోయలో. పీనో న్వార్ అనే నల్లద్రాక్షకు ప్రపంచంలో పేరున్న చోట్లలో అదొకటి. ఎటు చూసినా ద్రాక్షతోటలే. చుట్టూ ఉన్నవాళ్లు వరి వేస్తుంటే మనం ఖాళీగా కూర్చోగలమా? మరుసటి ఏడే, 2005లో, వాళ్లూ మొక్కలు నాటేశారు. షెడ్డు కోసం కొన్న నేల తోటైపోయింది. ద్రాక్ష నాటగానే డబ్బు చేతికి రాదు. చెప్పుకోదగ్గ కాపు రావాలంటే మూడేళ్లన్నా పడుతుంది. అందుకని మాస్టారు బడి ఉద్యోగం మానలేదు.

కొన్నేళ్ల దాకా వాళ్ల కథ కూడా ఆ లోయలో వందల కుటుంబాల కథలాంటిదే. తోట, ఓక్ చెక్క పీపాలు, వైన్. ఇంటాయన మట్టిపని ఒక పక్క, తోటపని ఒక పక్క. రెండింటికీ సంబంధం లేదు. ఆ రెంటినీ కలిపింది ఒక పత్రిక. ఇటలీలో వైన్ చేసే ఒకావిడ గురించి అందులో పడ్డ వ్యాసాన్ని అన్నీడ్రియా భర్తకు చూపించారు. ఆమె గది నిండా ఉన్నవి పీపాలు కావు, పెద్ద పెద్ద మట్టి కుండలు. ఇలాంటివి నేనూ చెయ్యగలను కదా అనిపించింది ఆయనకు. భార్య పత్రికలో ఏదో చూపించడం, భర్త 'ఓస్, ఇంతేనా, నేనే చేసేస్తా' అనడం మన ఇళ్లలోనూ మామూలే. ఆ పని సగంలో ఆగి అటకెక్కడమూ మామూలే. ఇక్కడ అలా జరగలేదు.

ఆ ఇటలీ ఆవిడ ఎలిసబెట్టా ఫొరదోరి. ఊరు మెత్సోలొంబార్దో, ఆల్ప్స్ కొండల దిగువన. ఆమెది మరో ఇంటి కథ. చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి ఎలాగో తోటను నిలబెట్టుకొచ్చింది. చదువు ముగించుకుని 1980ల్లో కూతురు పగ్గాలు అందుకుంది. ఆ ప్రాంతంలో తప్ప పెద్దగా ఎక్కడా పండని తెరొల్దెగో అనే నల్లద్రాక్ష రకాన్ని, చవక సరుకని అందరూ చులకన చేస్తున్న రోజుల్లో, మళ్లీ నిలబెట్టింది. పేరొచ్చింది. ఇంత పేరొచ్చాక కూడా ఆమె మట్టి కుండల వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె పిల్లలూ అదే తోటలో ఉన్నారు.

ఆమె వాడిన కుండలు ఇటలీవి కావు. స్పెయిన్‌లో లా మాంచా అనే మైదానంలో విల్యర్రొబ్లెదో అనే ఊరుంది. వైన్ కుండలకు ఒకప్పుడు పెట్టింది పేరు. అక్కడ ఆ కుండను 'తినాహా' అంటారు. సిమెంటు తొట్లు, స్టీలు ట్యాంకులు వచ్చాక ఆ ఊళ్లో ఆవాలు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. పని వదలకుండా పట్టుకున్న కొద్దిమందిలో హువాన్ పాదియ్యా ఒకరు. ఫొరదోరి కుండలు ఆయన చేసినవే. అంటే ఆరెగన్‌లో అన్నీడ్రియా చూసిన ఆ కుండల వెనకాల ఇంకో దేశపు కుమ్మరి ఉన్నాడన్నమాట. వ్యాసాలు ఎప్పుడూ వైన్ చేసినవాళ్ల మీదే వస్తాయి. కుండ చేసినవాడి పేరు ఎక్కడో ఒక వాక్యంలో వస్తే అదే గొప్ప. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇక్కడ పేరు గురించి చిన్న గందరగోళం ఉంది, తేల్చేద్దాం. పాశ్చాత్య వైన్ లోకంలో ఈ కుండలన్నింటినీ 'ఆంఫోరా' అనేస్తున్నారు. నిజానికి ఆంఫోరా అంటే రెండు చెవులున్న సన్నటి మట్టి పాత్ర. గ్రీకులు, రోమన్లు సరుకులు ఓడల్లో పంపడానికి వాడేవారు. అది మనకు కొత్తది కాదు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు ఆంఫోరాల పెంకులు దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందటే మధ్యధరా సముద్రపు వైన్ మన తూర్పు తీరానికి వచ్చిందనడానికి అవే సాక్ష్యం. కానీ అవి ప్రయాణపు కుండలు. మనం చెప్పుకుంటున్నవి ఇంట్లో కదలకుండా కూర్చునే కుండలు. మన గాబు, కాగు, బానల్లాంటివి.

కుండే ఎందుకు? స్టీలు ట్యాంకు గాలిని లోపలికి రానివ్వదు. ఓక్ పీపా కొద్దికొద్దిగా రానిస్తుంది గానీ తన వాసన, తన రుచి కూడా కలిపేస్తుంది. మట్టి ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. సన్నటి రంధ్రాల గుండా కాస్త ఊపిరి పోస్తుంది, ఓక్‌లా తన రుచిని రుద్దదు. వేసవిలో మట్టికుండ నీళ్లు తాగినవాళ్లకు మట్టికి రంధ్రాలుంటాయని వేరే చెప్పక్కర్లేదు.

ఇటలీలో ఈ మట్టి దారి తొక్కినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది యోష్కో గ్రావ్నర్‌ని. స్లొవేనియా సరిహద్దును ఆనుకున్న ఓస్లావియా ఊరి రైతు. తరాలుగా ద్రాక్షే. తండ్రి వాడిన పాత సరంజామా తీసేసి స్టీలు ట్యాంకులు తెచ్చాడు. తర్వాత వాటినీ కాదని కొత్త ఓక్ పీపాలు తెచ్చాడు. వైన్ పుస్తకాలు ఆకాశానికెత్తాయి. అయినా ఆయనకు తృప్తి లేదు. వైన్ ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్లి చూడాలనుకున్నాడు. అంతర్యుద్ధాలు అవీ చల్లారాక 2000లో జార్జియా వెళ్లగలిగాడు. అక్కడ నేలలో పాతిన కుండల్లోంచి తీసిచ్చిన వైన్ రుచి చూశాడు. ఇంటికొచ్చి 2001 పంట నుంచి కుండల్లో పోయడం మొదలుపెట్టాడు. కుండలు జార్జియా నుంచే లారీల మీద తెప్పించుకున్నాడు. దారిలో పగిలినవి పోగా మిగిలినవి నేలలో పాతుకున్నాడు. అంతకుముందు నెత్తిన పెట్టుకున్నవాళ్లే ఆయనకు మతి పోయిందన్నారు. తెల్లద్రాక్షను తొక్కలతో సహా నెలల తరబడి నానబెడితే వైన్ తేనెరంగులోకి తిరుగుతుంది. అది చెడిపోయిన వైన్ అనుకున్నారు చాలామంది. తర్వాత్తర్వాత ఆ రంగు కోసమే కొనేవాళ్లు బయల్దేరారు.

జార్జియా అంటే అట్లాంటా ఉన్న అమెరికా రాష్ట్రం కాదు. నల్లసముద్రానికీ కాకసస్ కొండలకూ మధ్యనున్న చిన్న దేశం. మన పిల్లలు మెడిసిన్ చదవడానికి వెళ్తున్నారే, ఆ జార్జియా. రాజధాని త్బిలిసికి దక్షిణంగా ఉన్న రెండు పాత దిబ్బల్లో దొరికిన కుండపెంకులను శాస్త్రవేత్తలు పరీక్షిస్తే ద్రాక్ష ఆనవాళ్లు బయటపడ్డాయి. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పెంకుల వయసు దాదాపు 8 వేల ఏళ్లు. ఇప్పటిదాకా దొరికిన ద్రాక్షవైన్ ఆనవాళ్లలో అంత పాతవి ఎక్కడా లేవు. గమనించారా, వైన్ ఎప్పుడో ఆవిరైపోయింది. సాక్ష్యం చెప్పింది కుండే.

అక్కడి కుండ పేరు 'క్వెవ్రి'. కోడిగుడ్డు ఆకారం. అడుగున మొన తేలి ఉంటుంది, చెవులుండవు. కొన్ని లీటర్ల బుడ్డి నుంచి కొన్ని వేల లీటర్ల బాన దాకా ఉంటాయి. మనిషి లోపలికి దిగి నిలబడేంత పెద్దవీ ఉంటాయి. దాన్ని మెడ దాకా నేలలో పాతేస్తారు. పైకి కనిపించేది నోరొక్కటే. పల్లెల్లో ఇంటింటికీ ఇలాంటి కుండలు పాతిన గది ఒకటి ఉంటుంది. దాన్ని 'మరాని' అంటారు. శరదృతువులో ద్రాక్ష కోతకు చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ దిగుతారు. దుంగను దొన్నెలా తొలిచి అందులో పళ్లు పోసి కాళ్లతో తొక్కుతారు. రసం, తొక్కలు, గింజలు, కొన్నిచోట్ల తొడిమలు కూడా కుండలో పోస్తారు. పొంగు వచ్చినన్నాళ్లూ రోజుకు కొన్నిసార్లు కర్రతో కలుపుతారు. పొంగు చల్లారాక మూత పెట్టి, అంచుల్లో మట్టి మెత్తి వదిలేస్తారు. మళ్లీ తెరిచేది వసంతంలో.

మట్టి కింద చలీ వేడీ ఒకే తీరుగా ఉంటాయి, కరెంటుతో పనిలేదు. గింజలు, మడ్డి జారి అడుగున మొనలో కూర్చుంటాయి. వాటి మీద తొక్కలు పరుచుకుంటాయి. పైన తేటగా వైన్ మిగులుతుంది. వడపోసే యంత్రం అక్కర్లేదు, ఆ ఆకారమే ఆ పని చేస్తుంది. ఎవరు కనిపెట్టారో పేరు లేదు.

ఇప్పుడు ఆ కుండ చేసేవాళ్ల దగ్గరికి వెళ్దాం. పడమట ఇమెరెతి ప్రాంతంలో మకతుబని, తూర్పున కఖెతి ప్రాంతంలో వర్దిసుబని లాంటి ఊళ్లలో కొద్ది కుటుంబాలు తాత తండ్రుల నుంచి ఈ పనే చేస్తున్నాయి. క్వెవ్రిని సారె మీద చెయ్యరు. అంత బరువును సారె మొయ్యదు. చేతి మందాన మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్టగా నిలబెడతారు. ఒక జాన ఎత్తు లేవగానే ఆపెయ్యాలి. తడి మట్టి మీద ఇంకా బరువు పెడితే కూలిపోతుంది. అది కాస్త ఆరాక మళ్లీ ఒక జాన. మరీ ఆరితే కొత్త మట్టి అతుక్కోదు. అందుకని షెడ్డులో ఒకేసారి కొన్ని కుండలు వరసగా లేస్తుంటాయి. ఇవాళ దీని నడుము, రేపు దాని భుజం. అలా వారాలు గడుస్తాయి. ఆ తర్వాత నీడలో ఆరబెట్టడానికి ఇంకొన్ని వారాలు. పెద్ద కుండ ఆవంలోకి వెళ్లేసరికి నెలలు పడుతుంది.

ఆవం అంటే అక్కడ ఒక గదే. కుండలు లోపల పేర్చి, వాకిలికి ఇటుకలతో గోడ కట్టేస్తారు. కట్టెలతో వారం పాటు మంట. రాత్రిళ్లూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిందే. మంట ఒక్కసారి పెరిగినా, మట్టిలో ఎక్కడో గాలి బుడగ మిగిలినా, నెలల కష్టం పెంకులైపోతుంది. అంతా బాగుంటే, కుండ ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం రుద్దుతారు. వేడికి కరిగి రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. రంధ్రాలు పూర్తిగా మూసుకుపోకూడదు, వైన్ కారనూ కూడదు. ఎంత రాయాలన్నది కొలతకు అందదు, చేతికే తెలియాలి. అందుకే ఈ పని పుస్తకం చదివి వచ్చేది కాదు. చిన్నప్పటి నుంచి నాన్న పక్కన నిలబడి చూసినవాడికి వస్తుంది.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. వైన్ ఏటా అమ్ముడుపోతుంది. కుండ ఒక్కసారే అమ్ముడుపోతుంది. మంచి క్వెవ్రి నేలలో పాతితే తాతలు వాడినదే మనవలూ వాడతారు. అంటే కుమ్మరి ఎంత బాగా చేస్తే, ఆ ఇంటివాళ్లు మళ్లీ అతని గడప తొక్కే అవసరం అంత తక్కువ. పనితనమే తన నోటి కూటికి అడ్డుపడే వృత్తి ఇంకోటి ఉందా అని చాలాసేపు ఆలోచించాను. నాకు తట్టలేదు.

సోవియట్ కాలంలో ఈ చిక్కు ఉరితాడై బిగుసుకుంది. వైన్ ప్రభుత్వ ఫ్యాక్టరీల చేతిలోకి పోయింది. వందల రకాల ద్రాక్ష ఉన్న దేశంలో ఎక్కువ కాపు కాసే కొన్ని రకాలే మిగిలాయి. పెద్ద పెద్ద ట్యాంకుల్లో తయారై రైళ్లెక్కి రష్యా వెళ్లిపోయేది. పల్లెవాళ్లు ఇంటి వాడకానికి మాత్రం పాత క్వెవ్రిల్లోనే చేసుకున్నారు. పద్ధతి బతికింది. కానీ కొత్త కుండ ఎవరికి కావాలి? 1985లో గోర్బచేవ్ మద్యం మీద యుద్ధం ప్రకటించాక తోటలకు తోటలే పీకేశారు. కుమ్మరి కొడుకులు వేరే పనులు వెతుక్కున్నారు.

ఆ తర్వాత విచిత్రంగా ఒక దెబ్బే మందైంది. 2006లో రష్యా జార్జియా వైన్‌ను నిషేధించింది. ఎగుమతుల్లో అత్యధిక భాగం అటే వెళ్లేది కాబట్టి నిలువునా మునిగినంత పనైంది. కొత్త కొనుగోలుదార్లు కావాలి. యూరప్‌కూ అమెరికాకూ ఫ్యాక్టరీ తీపి వైన్ అక్కర్లేదు. వాళ్లకు లేనిది ఏముంది మన దగ్గర అని వెతుక్కుంటే, పెరట్లో పాతిన కుండ కనిపించింది. అప్పటికే గ్రావ్నర్ లాంటివాళ్లు దానికి పేరు తెచ్చి ఉన్నారు. చిన్న చిన్న కుటుంబాలు తమ ఇంటి వైన్‌కే లేబుల్ అంటించి అమ్మడం మొదలుపెట్టాయి. 2013లో యునెస్కో క్వెవ్రి పద్ధతిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడు రష్యా కూడా తలుపులు తెరిచింది. కానీ ఈలోపు దారి మారిపోయింది.

అప్పుడు అందరూ ఒక్కసారిగా కుమ్మరి ఇంటి ముందు నిలబడ్డారు. లోపల చూస్తే ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. డబ్బులిస్తామంటే స్టీలు ట్యాంకు వారంలో దిగుతుంది. క్వెవ్రి దిగదు. మట్టి ఆరే వేగం పెంచే అప్పు ఏ బ్యాంకులోనూ దొరకదు. కుండ కోసం నెలల తరబడి వరసలో ఉండాల్సొచ్చింది. కొందరు పాతబడిన ఇళ్ల పెరళ్లలో తవ్వి పాత కుండలు బయటికి తీసి కొనుక్కున్నారు.

జార్జియాకు ఆ కొద్దిమందైనా మిగిలారు. పక్కనే ఉన్న ఆర్మేనియాకు ఆ అదృష్టం లేకపోయింది. అక్కడ కూడా వైన్ కుండ ఉండేది, దాని పేరు 'కరాస్'. వయొత్స్ జోర్ ప్రాంతంలో అరెని గుహలో దొరికిన ద్రాక్ష తొక్కిన తొట్టికి, పాతిన కుండలకు దాదాపు 6 వేల ఏళ్ల వయసు. ఇటలీలో పెరిగిన జోరిక్ గరిబియన్ అనే ఆర్మేనియన్ సొంతగడ్డకు తిరిగొచ్చి, ఆ గుహకు దగ్గర్లోనే తోట వేశాడు. కరాస్‌లోనే వైన్ పొయ్యాలని పట్టుబట్టాడు. అంత పెద్ద కరాస్ చేసే కుమ్మరి కరువయ్యాడు. ఇంటింటికీ తిరిగి, నేలమాళిగల్లో వాడకం లేక పడి ఉన్న పాత కుండలు అడిగి కొని తెచ్చుకోవాల్సొచ్చింది. కొన్నింటిని బయటికి తియ్యడానికి దారి చాలక గోడలు పగలగొట్టి, మళ్లీ కట్టించి ఇచ్చారట. ఆయన వైన్ మొదటిసారి బయటికొచ్చినప్పుడే ప్రపంచ పత్రికలు మెచ్చుకున్నాయి. వైన్ చేసే విద్య మళ్లీ నేర్చుకోవచ్చు. కుండ చేసే చెయ్యి ఒకసారి ఆగితే గోడలు పగలగొట్టుకోవాల్సిందే.

ఇదంతా తెలిశాక ఆరెగన్ ఇల్లు వేరేగా కనిపించింది నాకు. బెక్హామ్‌కు కుమ్మరి తాత లేడు, పక్కన నిలబడి చూడ్డానికి ఆవమూ లేదు. ఉన్నదల్లా బళ్లో పిల్లలకు నేర్పిన మట్టిపని. చిన్న కప్పు చెయ్యడానికీ ఇంతటి కుండ చెయ్యడానికీ చాలా దూరం ఉంది. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, కాలేటప్పుడు ఇంకా కుంచించుకుపోతుంది. కప్పులో అది కనిపించదు. పెద్ద కుండలో పై భాగం ముందు ఆరి, కింది భాగం ఇంకా తడిగా ఉంటే, మధ్యలో బీట పడుతుంది. తక్కువ వేడిలో కాలిస్తే వైన్ చెమటలా పైకి ఊరుతుంది. ఎక్కువ వేడిలో కాలిస్తే రంధ్రాలు మూసుకుపోయి ఊపిరాడదు. ఈ రెంటి మధ్య సన్నటి గీత ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఈయన సారె మీదే అంచెలంచెలుగా పెంచుకుంటూ పోయే దారి పట్టారు.

అయితే వంశపారంపర్య కుమ్మరికి లేని ఒక వసతి ఆయనకుంది. జార్జియా కుమ్మరి కుండ అమ్మేస్తాడు. అది వేరే ఊళ్లో, వేరే ఇంటి నేలలోకి వెళ్లిపోతుంది. లోపల ఏం జరిగిందో అతనికి తెలిసేది కుండ కారినప్పుడే, అదీ తిట్ల రూపంలో. బెక్హామ్ కుండ గడప దాటదు. తను చేసిన కుండలో తన తోట పంటే పోస్తారు. వైన్ ఎలా మారుతోందో రుచి చూస్తారు. తేడా ఉంటే తర్వాతి కుండకు మట్టి మార్చాలో మంట మార్చాలో ఆలోచిస్తారు. కొన్నవాడి ఫిర్యాదూ తనదే, చేసినవాడి సంజాయిషీ తనదే. 2013 పంట నుంచి వాళ్లింటి కుండల్లో వైన్ తయారైంది. తర్వాత ఇతర వైనరీలవాళ్లూ వచ్చి అడగడంతో 'నోవమ్' అనే పేరుతో కుండలు అమ్మడమూ మొదలైంది. భార్య చూపించిన వ్యాసం ఒక ఇంటికి రెండో వ్యాపారమైంది.

నాకు బాగా నచ్చింది మాత్రం వ్యాపారం కాదు. ఇవన్నీ నడుస్తున్నా ఆయన చాలా ఏళ్లు బడి మానలేదు. పొద్దున బళ్లో పిల్లలకు మట్టి పిసకడం నేర్పడం, సాయంత్రం ఇంటికొచ్చి సారె ముందు కూర్చోవడం, శరత్తు వస్తే పళ్లు కొయ్యడం. తోటలో పంట, సారె మీద పచ్చికుండ, బళ్లో పిల్లలు - ఈ మూడింటిలో ఏదీ రేపటి దాకా ఆగేది కాదు. ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం కునుకనేది ఉంటుందా అని నా అనుమానం.

పిల్లల దగ్గరికని పోర్ట్‌లాండ్ వెళ్లే అమ్మానాన్నలు ఈ పేజీ చదివేవాళ్లలో తప్పకుండా ఉంటారు. మనవల్ని ఆడించడం అయ్యాక, ముందుగా కనుక్కుని, ఆ లోయకేసి ఒకసారి వెళ్లి రండి. వైన్ ముట్టకపోతే పోయింది, కుండలు చూడొచ్చు. మా అమ్మమ్మలా వేలు మడిచి తట్టి చూడాలనిపిస్తే మాత్రం, ముందు ఇంటివాళ్లను అడగండి. లోపల నిండుగా ఉంటే ఎలాగూ ఖంగుమనదు.